ఎడమ చేత్తో నెయిల్ పాలిష్: ఫ్యాన్సీ స్టోర్ సామానులో ఏది అక్కరకొస్తది, ఏది దండుగ

కుడి చేతివాటం ఉన్నోళ్లకు ఎడమ చేతి గోర్లు మంచిగనే కుదురుతయి. తిప్పలంతా కుడి చేతి గోర్లకు వేసేటప్పుడే. నల్లగొండ ప్రకాశం బజార్‌లో గాని, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కల గాని, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి ఫ్యాన్సీ స్టోర్లలో గాని ఈ తిప్పలు తప్పిస్తయని చెప్పి అమ్మే సామాను ఇప్పుడు బాగానే ఉన్నది. చర్మానికి పూసి పీకేసే లేటెక్స్, దిద్దే పెన్ను, గోరు కొసకు అంటించే స్టిక్కర్లు, నిమిషంలో ఆరే రంగు, సీసాను వేళ్ల మధ్య నిలబెట్టే రబ్బరు ఉంగరం. కొన్ని కౌంటర్ మీదనే దొరుకుతయి, కొన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలె.

తీర్పు ముందుగాలనే చెప్తున్నం. వెడల్పు బ్రష్ ఉన్న సీసా ఒకటి, అంచులు దిద్దడానికి సన్న బ్రష్ ఒకటి, చిన్న రిమూవర్ సీసా ఒకటి, రంగు కింద పూసే బేస్ కోట్ ఒకటి కొంటే పని అయిపోతది. లేటెక్స్ కొందరికి, కొన్ని రంగులకే. పెన్ను, రబ్బరు ఉంగరం, తొందరగ ఆరే రంగు ఎడమ చేతికి పెద్దగ సాయం చెయ్యవు. చివరిదైతే నష్టమే చేస్తది. ఎందుకో కింద రాస్తున్నం. పుర్రచేతివాటం వాళ్లు చదివేటప్పుడు కుడి, ఎడమ మార్చుకోండి, మిగతాదంతా అదే.

బ్రష్ చూసి కొనండి, రంగు తర్వాత

దుకాణంలో అడుగుపెట్టగానే "ఏ కలర్ గావాలె అక్కా?" అంటరు. ఎడమ చేత్తో వేసుకునేవాళ్లు అడగాల్సింది మాత్రం "అన్నా, టెస్టర్ మూత తీసి బ్రష్ చూపియ్యి" అని. సీసా లోపలి బ్రష్‌లు రెండు రకాలు. ఒకటి సన్నగ, గుండ్రంగ ఉండే కుచ్చు. 5, 6 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో ఎక్కువగ ఇదే ఉంటది. రెండోది బల్లపరుపుగ, వెడల్పుగ ఉండి కొస అర్ధచంద్రంలాగ కోసి ఉండేది. 9 మిల్లీలీటర్ల సీసాల్లో తరచుగ కనపడుతది. అన్ని కంపెనీలకూ ఈ లెక్క సరిపోదు కాబట్టి మూత తీసి చూడాల్సిందే.

సన్న బ్రష్‌తోని ఒక గోరు నిండడానికి ఐదారు గీతలు కావాలె. గీత పెరిగినకొద్దీ తప్పే అవకాశం పెరుగుతది, పైగా మొదటి గీత ఆరుతుండగ ఐదో గీత దాన్ని లాగేస్తది. వెడల్పు బ్రష్‌ను కొద్దిగ ఒత్తితే కుచ్చు విసనకర్రలాగ విచ్చుకుంటది. చిటికెన వేలికి ఒకటి రెండు గీతలు, మిగతా వేళ్లకు మూడు, బొటనవేలికి మూడు నాలుగు చాలు. కొస గుండ్రంగ ఉంటే గోరు మొదట్లోని వంపుకు దానంతటదే కూర్చుంటది, చెయ్యి ఆ వంపు తిరగాల్సిన పని తప్పుతది. ఒక్క హెచ్చరిక. చిటికెన గోరు బాగా చిన్నగున్నోళ్లకు మరీ వెడల్పాటి బ్రష్ రెండు పక్కల చర్మానికి తగులుతది. అట్లాంటప్పుడు కుచ్చును అడ్డంగ కాదు, అంచు మీద నిలబెట్టి గియ్యాలె.

కౌంటర్ దగ్గర చెయ్యదగ్గ పరీక్షలు ఇవి. టెస్టర్ బ్రష్‌ను కాగితం మీద ఒత్తి, ఎడమ చేత్తోనే ఒక గీత గీయండి. పోగులు అన్నీ ఒక్క తీరుగ విచ్చుకోవాలె. ఒకటో రెండో పక్కకు పొడుచుకొస్తే ఆ పోగే రేపు మీ చర్మం మీద గీత పెడుతది. కొన్న తర్వాత అట్లాంటి పోగు కనపడితే పీకొద్దు, మొదలు దగ్గర చిన్న కత్తెరతోని కత్తిరించండి. పీకితే పక్క పోగులు కూడా వదులైతయి. తర్వాత మూత. మరీ పొడుగు మూత చూడముచ్చటగ ఉంటది కాని, వేళ్లు కుచ్చుకు ఎంత దూరముంటే వణుకు కొసన అంత పెద్దగ కనపడుతది. పొట్టి మూత, లేదంటే పైనున్న పెద్ద డొప్ప ఊడొచ్చి లోపల సన్న పిడి బయటపడే మూత ఎడమ చేతికి నయం. నున్నటి ప్లాస్టిక్ మూతైతే రబ్బరు బ్యాండును రెండు చుట్లు చుట్టండి, జారదు. ఇంతకు మించిన పిడి కోసం డబ్బులు పెట్టనక్కరలేదు.

చిక్కదనం కూడా చూడాలె. బ్రష్ పైకెత్తితే కొసనున్న బొట్టు రెండు మూడు సెకండ్లలో జారి పడాలె. తీగలాగ సాగితే ఆ సీసా పాతది. నీళ్లలాగ టపటప కారితే పక్కకు పారుతది. జాతర అంగళ్లలో, చెరువుగట్టు దగ్గరైనా కురుమూర్తి దగ్గరైనా, కుప్పపోసి అమ్మే చిన్న సీసాల్లో ఈ రెండు తీర్లూ కనపడుతయి. వాటి మీద ఇంకో సంగతి చూడాలె. మన దేశంలో తయారైన కాస్మెటిక్ లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, లైసెన్స్ నంబర్, ఎప్పటిలోపల వాడాలో ఆ తేదీ ఉండాలె. అవి లేని సీసా రంగు ఎంత బాగున్నా పక్కన పెట్టడమే మంచిది.

చెడిపోయేది చెయ్యి వణికి కాదు, రంగు ఎక్కువై

ఎడమ చెయ్యి వణుకుతదని అందరూ దాన్నే అంటరు. నిజానికి ఎక్కువసార్లు చెడగొట్టేది కుచ్చులో అవసరానికి మించి ఉన్న రంగు. వణికిన చెయ్యి ఒక వెంట్రుకవాసి గీత పెడుతది, అది దిద్దుకోవచ్చు. ఎక్కువైన రంగు గోరు పక్క గాడిలోకి పారి, క్యూటికల్ (గోరు మొదట్లో ఉండే సన్న చర్మం) కింద చేరి గట్టిపడుతది. అది దిద్దరాదు, మొత్తం తుడిచి మళ్లీ వెయ్యాల్సిందే.

అందుకని బ్రష్ తీసేటప్పుడు కుచ్చు ఒక వైపును సీసా మూతికి ఒత్తి పూర్తిగ తుడవాలె. రెండో వైపు కొసన చిన్న బొట్టు మిగలాలె. కుడి చేత్తోనైతే ఆ బొట్టు మిరియపు గింజంత ఉన్నా నడుస్తది. ఎడమ చేత్తోనైతే అందులో సగం చాలు. చాలామంది మరిచేది కుచ్చు పైనున్న కాడ. దానికి అంటిన రంగు కాసేపట్లో జారి కుచ్చులోకి దిగి, సరిగ్గ గోరు మధ్యలో ఉండగ బొట్టయి పడుతది. కాడను కూడా మూతికి రాసి తియ్యండి.

రంగు వెయ్యకముందు గోరు మీద నూనె, సబ్బు, తడి లేకుండ చూసుకోవాలె. చెయ్యి కడిగి, పూర్తిగ తుడిచి, ఐదు నిమిషాలు ఆగి, దూదికి కొంచెం రిమూవర్ అద్ది ప్రతి గోరు మీద ఒక్కసారి తుడిస్తే చాలు. దూది పోగులు గోరుకు అంటుకుంటయి, అందుకే దూదికన్న నూగు రాని టిష్యూ మేలు. బేస్ కోట్ ఒక పలుచటి పొర. ముదురు రంగుల కింద ఇది లేకుంటే గోర్లు పచ్చబడుతయి. మిగతా సామాను దండుగ అనేవాళ్లు కూడా బేస్ కోట్‌ను తీసెయ్యరాదు.

ఇక కూర్చునే తీరు. మంచం మీద, ఒళ్లో చెయ్యి పెట్టుకుని వేస్తే ఎంత మంచి బ్రష్ ఉన్నా అంతే. టేబుల్ కావాలె, లేదంటే పిల్లలు రాసుకునే చిన్న బల్లైనా సరే. రెండు మోచేతులూ దాని మీద ఆనాలె. కుడి అరచెయ్యి కింద మడతపెట్టిన తువ్వాల వేసి వేళ్లను కొంచెం ఎత్తులో ఉంచండి. ఎడమ చేతి మణికట్టు బల్లకు ఆని, ఆ చేతి చిటికెన వేలు కుడి చేతికో బల్లకో తగిలి ఉండాలె. అప్పుడు రెండు చేతులు కలిసి కదులుతయి, ఒకటి వణికినా రెండోది దానితోపాటే పోతది. సీసాను ఎడమ పక్కన చిన్న గిన్నెలో గుడ్డ పేలిక చుట్టి నిలబెడితే పడదు. రబ్బరు ఉంగరం చేసేది కూడా ఈ పనే, కాకపోతే దాన్ని తొడుక్కుంటే సీసా బరువు కూడా చేతి మీదనే పడుతది. గిన్నె నయం.

కుడి చేతికే ముందు వెయ్యండి. ఎడమ చేతి గోర్లకు ముందు వేస్తే ఆ పచ్చి గోర్లతోనే బ్రష్ పట్టుకోవాల్సి వస్తది, రెండూ చెడుతయి. వేళ్ల వరుస చిటికెన వేలు నుంచి మొదలుపెట్టి బొటనవేలితోని ముగించాలె. అరచెయ్యి బోర్లా పెడితే కుడి బొటనవేలు ఎడమ దిక్కున ఉంటది. ఎడమ చెయ్యి ఆ దిక్కు నుంచే వస్తది. ముందు దగ్గరున్న బొటనవేలికి వేసి తర్వాత చిటికెన వేలికి పోతే పచ్చి గోర్ల మీదుగ చెయ్యి దాటాల్సి వస్తది.

గోరు మీద మొదటి గీత నడిమిల. బొట్టును క్యూటికల్‌కు ఆనించొద్దు, మిల్లీమీటరు దూరంలో పెట్టి, కుచ్చును మెల్లగ వెనక్కు, క్యూటికల్ వైపు తోసి, అది విచ్చుకున్నాక కొస దాకా ఒక్క లాగుడు లాగాలె. క్యూటికల్‌కు, రంగుకు నడుమ సన్న సందు మిగిలితే ఏం కాదు, చూపుకు అదే శుభ్రంగ కనపడుతది. పక్క గీతలకు బ్రష్‌ను తిప్పొద్దు, వేలును తిప్పండి. ఎడమ చేతిలో బ్రష్ ఒకే కోణంలో ఉంచి, కుడి వేలును అటూ ఇటూ దొర్లిస్తే గోరు పక్క తనే బ్రష్ కిందికి వస్తది. కుడి చెయ్యి నేర్పున్న చెయ్యి కదా, కదిలే పని దానికే అప్పజెప్పాలె. ఈ ఒక్క మార్పు లేటెక్స్ సీసాకన్న ఎక్కువ పనిచేస్తది.

మొదటి పొర చారలు చారలుగ కనపడుతది. కనపడనియ్యండి. అక్కడ మందంగ వేసి ఒక్కసారికే ముగించాలని చూస్తే పైపొర ఆరి, లోపల పచ్చిగ ఉండి, బుడగలు వస్తయి. రెండు మూడు నిమిషాలు ఆగి రెండో పలుచటి పొర. ముందుకొస అంచుకు కూడా ఒక సన్న గీత తగిలిస్తే కొసన పెచ్చు లేవడం తగ్గుతది.

దిద్దే బ్రష్: ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ

ఇది ఫ్యాన్సీ స్టోర్‌లో కాదు, స్టేషనరీ దుకాణంలో కొనాలె. పిల్లల డ్రాయింగ్ సామాను దగ్గర కామెల్ లాంటి కంపెనీల బ్రష్‌లు ఉంటయి. సింథటిక్ పోగులు, బల్లపరుపు కొస, 2 నంబరో అంతకన్న చిన్నదో తీసుకోండి. ఐలైనర్ వేసే వాలు కొస బ్రష్ పాతది ఇంట్లో ఉంటే అదీ పనికొస్తది. గుండ్రటి కొస బ్రష్ ఈ పనికి రాదు, గీత తిన్నగ రాదు.

రిమూవర్ రెండు రకాలు. అసిటోన్ ఉన్నది, లేనిది. లేనిదాంట్లో సాధారణంగ ఈథైల్ అసిటేట్ లాంటి ద్రావకం ఉంటది, మెల్లగ కరిగిస్తది. గోరు మొత్తం తుడవడానికి ఏదైనా సరే. అంచు దిద్దడానికి మాత్రం అసిటోన్ ఉన్నదే మంచిగ కోస్తది. రెండోదాంతోని అదే చోట నాలుగుసార్లు రాయాల్సి వస్తది, రాసిన ప్రతిసారీ చెయ్యి తప్పే అవకాశమే. కొంచెం స్టీలు చెంచాలో పోసుకోండి. వాడి పారేసే గట్టి ప్లాస్టిక్ కప్పులో, థర్మాకోల్ గిన్నెలో పోస్తే అసిటోన్‌కు అవే కరుగుతయి. ఇది పెట్రోల్ లాగనే మండే సరుకు. దేవుని దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి దగ్గర కూర్చోవద్దు.

ఎక్కువమంది చేసే తప్పు తడి ఎక్కువ పెట్టడం. బ్రష్ ముంచి, టిష్యూ మీద రెండు దిక్కులా అద్దాలె. చెమ్మగ ఉండాలె, కారరాదు. కారితే రిమూవర్ రంగు కిందికి పాకి అంచును కరిగిస్తది, ఎర్రటి నీళ్లు గోరు చుట్టూ గాడిలో నిలబడుతయి. బ్రష్‌ను వాలుగ పట్టి క్యూటికల్ ఒక మూల నుంచి ఇంకో మూలకు ఒక్క లాగుడు, వెంటనే టిష్యూకు తుడుపు, మళ్లీ ఇంకోటి. ఇక్కడ కూడా బ్రష్ కదలదు, వేలే దొర్లుతది. తుడవకుండ రెండోసారి రాస్తే తీసిన రంగే చర్మానికి పూసినట్టు. ఎరుపు, మెరూన్, నీలం ఈ విషయంలో మొండివి. చర్మాన్ని గులాబీ రంగు చేసి వదులుతయి.

ఎప్పుడు దిద్దాలె అంటే, చర్మం మీద పెద్ద బొట్టు పడితే అప్పటికప్పుడే టూత్‌పిక్‌తోని గాని, మొద్దు కొస పుల్లతోని గాని తోసెయ్యాలె. సన్న అంచులను రెండో పొర వేసిన రెండు నిమిషాలకు, టాప్ కోట్ (రంగు మీద చివరన వేసే పొర) వెయ్యకముందు దిద్దాలె. టాప్ కోట్ తర్వాత దిద్దితే దాని అంచు లేచి, నీళ్లు తగిలినప్పుడల్లా అక్కడి నుంచే పొర ఊడుతది. పని అయినాక బ్రష్ కడిగి పడుకోబెట్టండి. రిమూవర్‌లో నిలబెట్టి వదిలేస్తే పోగులను పట్టి ఉంచే జిగురు కరిగి కుచ్చు ఊడుతది, పిడి మీది రంగు కూడా పోతది.

దిద్దే పెన్ను సంగతి ఇక్కడే చెప్పాలె. మార్కర్ లాంటి దానికి రిమూవర్ నింపి ఉంటది, కొన్నింటికి అదనపు కొసలు కూడా ఇస్తరు. మొదటి రెండు మూడు వేళ్లకు ఎంతో బాగుంటది. తర్వాత కొస రంగు పీల్చుకుని, తుడవాల్సింది పోయి పూస్తది. కొస మొద్దు కాబట్టి క్యూటికల్ మూలలకు పోదు. లేత రంగులు వేసుకునేవాళ్లకు, ప్రయాణంలో సంచిలో పెట్టుకోవడానికి పర్వాలేదు. ముదురు రంగులకు వద్దు. గుండ్రటి డబ్బీలో వచ్చే రిమూవర్ వైప్స్‌లో కొన్నింట్లో నూనె ఉంటది. పాత రంగు తియ్యడానికి హాయి. కాని తీసినాక చెయ్యి సబ్బుతోని కడగకుండ కొత్త రంగు వేస్తే అది నిలవదు.

చర్మానికి అడ్డుపొర: లేటెక్స్, ఫెవికాల్, వాజ్‌లిన్

ద్రవ లేటెక్స్ వాడే తీరు సులువే. గోరు చుట్టూ పూస్తే పాలలాగ ఉండి, ఆరినాక రంగు మారి పారదర్శకమైతది. రంగు వేసి, అది పచ్చిగ ఉండగనే ట్వీజర్‌తోని ఒక కొస పట్టి పీకితే పొంగిన రంగంతా దానితోపాటే వస్తది. ఆరినాక పీకితే గోరు మీది రంగు కూడా చిరిగి అంచు రంపంలాగ మిగులుతది. కాబట్టి ఒక్కో వేలికి రెండో పొర వెయ్యగానే పీకెయ్యాలె, పదీ వేసి తర్వాత పీకుదాం అంటే కుదరదు.

దీంట్లో చెప్పని చిక్కు ఒకటున్నది. లేటెక్స్‌ను కుడి చేతి చుట్టూ పూయాల్సింది కూడా ఎడమ చెయ్యే. అది ఇంచుకంత గోరు మీదికి పోతే, అక్కడ రంగు గోరుకు కాదు, లేటెక్స్‌కు అంటుతది. పీకగానే గోరు అంచున బోడి మచ్చ మిగులుతది. అంటే చెయ్యి సరిగ్గ ఆనించడం, వేలు దొర్లించడం నేర్వనివాళ్లకు లేటెక్స్ తప్పును తియ్యదు, ఇంకో చోటికి మారుస్తది. గ్లిటర్, స్పాంజితోని అద్దే రెండు రంగుల డిజైన్లు వేసుకునేవాళ్లకు మాత్రం ఇది కొనదగ్గదే, ఎందుకంటే ఆ పనిలో చర్మం మొత్తం రంగైతది. వాసన ఘాటుగ ఉంటది, అందులో అమ్మోనియా ఉంటది కాబట్టి. రబ్బరు గ్లవ్స్, బెలూన్లు తగిలితే దురద వచ్చేవాళ్లు దీన్ని ముట్టొద్దు, లేటెక్స్ అలర్జీ ఆషామాషీ కాదు.

దానికి బదులు తెల్ల ఫెవికాల్ చాలామంది వాడుతరు. పలుచగ పూస్తే ఆరడానికి ఐదు నిమిషాల పైనే పడుతది, లేటెక్స్ అంత నీటుగ ఒక్క పొరగ రాదు, ముక్కలు ముక్కలుగ వస్తది. అయినా వేడి నీళ్లకు కరిగిపోతది, వాసన తక్కువ, ఇంట్లోనే ఉంటది. ఫెవిక్విక్ లాంటి క్షణంలో అంటే జిగురు దీనికి వాడేది కాదు, చర్మాన్ని అంటించేస్తది. పిల్లలు చూసి పొరబడకుండ రెండు సీసాలూ వేరు వేరు చోట పెట్టండి.

వాజ్‌లిన్ ఇయర్ బడ్‌తోని పూస్తే చర్మానికి రంగు అంటదు, తర్వాత తుడిస్తే పోతది. ఖర్చు లేని పద్ధతి. కాని కొంచెం గోరు మీదికి జారినా ఆ చోట రంగు మరునాటికే పెచ్చులూడుతది. ఎండాకాలంలో అది కరిగి జారడం ఇంకా ఎక్కువ. మూడింటిలో ఎడమ చేతికి చివరి ర్యాంకు దీనిదే.

గోరు కొసకు తెల్ల రంగు వేసుకునే ఫ్రెంచ్ స్టిక్కర్లు మంచివే. గీత తిన్నగ వస్తది, చెయ్యితోని పనిలేదు. కింది రంగు పూర్తిగ ఆరకముందు అంటిస్తే మాత్రం దాన్ని కూడా ఊడబెరుకుతయి, గంటైనా ఆగాలె.

తొందరగ ఆరే రంగు, జెల్, ఇంకా కొన్ని

నిమిషంలో ఆరుతదని రాసి ఉన్న సీసాలు కుడి చేత్తో వేసేటప్పుడు వరం, ఎడమ చేత్తో వేసేటప్పుడు శాపం. నెయిల్ పాలిష్ ఆరడమంటే అందులోని ఈథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాలు ఎగిరిపోయి నైట్రోసెల్యులోజ్ పొర మిగలడం. అవి ఎంత తొందరగ పోతే దిద్దుకునే సమయం అంత తక్కువ. నిదానంగ కదిలే చెయ్యి రెండో గీత పెట్టేసరికి మొదటిది బంకబంకగై బ్రష్‌కు అంటుకుని లేస్తది. మామూలు రంగే వేసి, తొందరగ ఆరాలంటే టాప్ కోట్ ఆ రకంది వాడండి.

నల్లగొండ, పాలమూరు ఎండల్లో మామూలు సీసా కూడా తొందరగ ఆరే సీసాలాగనే తయారైతది. 40 డిగ్రీల పైన ఉన్న మధ్యాహ్నం, ఫ్యాను ఐదు మీద తిరుగుతుంటే రంగు తీగ సాగుతది. ఫ్యాను ఆపి, పొద్దున్నో పొద్దుగూకినాకో వేసుకోవాలె. కూలర్ ముందర అసలే వద్దు. దాని గాలిలో తేమ ఎక్కువ, ద్రావకం ఎగిరేటప్పుడు పొర చల్లబడి ఆ తేమను పట్టుకుంటది, రంగు మసకబారుతది. సీసాను గడగడా ఊపితే గాలి బుడగలు చేరుతయి, రెండు అరచేతుల మధ్య అర నిమిషం దొర్లించండి. చిక్కబడిన సీసాలో రిమూవర్ పొయ్యొద్దు, పొర బలం పోయి తొందరగ పెచ్చులూడుతది. నెయిల్ పాలిష్ థిన్నర్ అని అమ్మేది రెండు మూడు చుక్కలు చాలు. హార్డ్‌వేర్ దుకాణంలో చెక్క పాలిష్‌కు అమ్మే థిన్నర్ ఇది కాదు, పేరు ఒకటే కదా అని తేవొద్దు.

జెల్ పాలిష్‌ది ఇంకో లెక్క. దానికోసం అమ్మే UV లేదా LED ల్యాంప్ కింద పెట్టేదాకా గట్టిపడదు, కావల్సినంత సేపు దిద్దుకోవచ్చు. కాబట్టి ఎడమ చేతికి ఇదే సరైనదని అమ్మేవాళ్లు చెప్తరు. సగం నిజం. జెల్‌లోని ఆక్రిలేట్లు అనే రసాయనాలు ఆరని స్థితిలో పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు, ఒక్కసారి వచ్చిందంటే సాధారణంగ జీవితాంతం ఉంటది, రేపు పంటి పనికి వాడే సిమెంట్లతోని కూడా చిక్కు రావచ్చు. చర్మం మీదికి పారించేవాళ్లే ఎక్కువ జాగ్రత్తగ ఉండాల్సిన సరుకు అది. చెయ్యి కుదిరినాక చూసుకోవచ్చు. పెళ్లికో ఫంక్షన్‌కో ఒక్క రోజు కోసమైతే అంటించుకునే గోర్లు నయం, ఎడమ చేత్తో అంటించడం రంగు వెయ్యడంకన్న చాలా సులువు.

చిన్న పిల్లలకు అమ్మే నీళ్ల ఆధారిత రంగును ఎవరూ లెక్కలోకి తీసుకోరు కాని, మొదటిసారి ఎడమ చేత్తో నేర్చుకునేవాళ్లకు మంచి సరుకు. చర్మం మీద పడ్డదంతా గోరువెచ్చటి నీళ్లకు ఊడిపోతది, ఘాటు వాసన ఉండదు. గిన్నెలు తోమే చేతికి రెండు రోజులు కూడా నిలవదు, అది వేరే మాట.

రంగుల్లో తప్పు దాచేవి, తప్పు చూపేవి ఉన్నయి. చర్మపు రంగుకు దగ్గరున్న లేత గులాబీ, గోధుమ, పలుచటి గ్లిటర్ అంచు తప్పినా కనపడనియ్యవు. గ్లిటర్ తియ్యడం కష్టం, రిమూవర్ దూది పెట్టి పైన ఫాయిల్ చుట్టి పది నిమిషాలు ఉంచాలె. ముత్యపు మెరుపు రంగులు బ్రష్ గీతలన్నీ చూపిస్తయి. తెల్లది చారలు పడుతది. నలుపు, నేవీ బ్లూ, ముదురు మెరూన్ అన్నిటికన్న కష్టం, కాని మెరూన్‌కు మన దగ్గర ఒక దారి ఉన్నది. బతుకమ్మకు ముందు, ఆషాఢంలో మైదాకు వేలికొసలకు టోపీలాగ పెట్టుకుంటం కదా, ఆ ఎరుపు మీద ఎరుపు, మెరూన్ పక్కకు పోయినా ఎవరికీ కనపడదు. ఎడమ చేత్తో ముదురు రంగు మొదలుపెట్టాలనుకుంటే మైదాకు పండిన వారమే సరైన వారం. పలుచటి గులాబీ మాత్రం ఆ వారం వద్దు, కింది ఎరుపుతోని కలిసి నారింజ అయితది.

అంతా అయినాక సీసా మూతికున్న మరలను రిమూవర్ టిష్యూతోని తుడిచి మూత పెట్టండి. అక్కడ రంగు ఎండితే వచ్చేసారి మూత తియ్యడానికి పట్టకారు తెచ్చుకోవాల్సి వస్తది, గాలి కూడా సందుల నుంచి పోయి రంగు చిక్కబడుతది. వేలికొసలకు కొబ్బరి నూనె రాయడం గోర్లు పూర్తిగ గట్టిపడినాకనే. పైకి ఆరినట్టు కనపడ్డా లోపలి పొరకు కొన్ని గంటలు పడుతది. ఆ లోపల అంట్లు, బట్టలు, వేడి నీళ్ల స్నానం పెట్టుకోవద్దు.